మందిరం మీద ఆఫీసులు కట్టే ముందు

అల్లుడూ,

మీ షికాగో క్రైస్తవ సంఘం పాత మందిరం తీసేసి, అద్దె ఆఫీసులతో కలిపి పెద్ద బిల్డింగు కడదామనుకుంటోందనీ, నిన్ను కమిటీలో వేశారనీ అక్క చెప్పింది. బిల్డరు ప్లాన్లు ముందేసుకోకముందే ఒక ఆదివారం వాషింగ్టన్, క్లార్క్ వీధులు కలిసే మూలకెళ్లి షికాగో టెంపుల్ చూసిరా. ఊళ్లోనే ఉంది, సాకులు చెప్పకు.

అది మెథడిస్టులనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ వాళ్ల చర్చి. 1924లో పూర్తయింది, ఎత్తు 568 అడుగులు. కింద మందిరం, మధ్యలో ఆఫీసులు, శిఖరంలో చిన్న చాపెల్, అంటే ప్రార్థనా గది. వాళ్లకి ఈ పద్ధతి అప్పటికే పాతది. 1858లోనే అదే స్థలంలో అంగళ్లతో, ఆఫీసులతో కలిపి మందిరం కట్టారు. 1871 అగ్నిప్రమాదంలో అది కాలిపోతే మళ్లీ అలాగే కట్టుకున్నారు. స్థలం మాత్రం వదల్లేదు. మీరూ ఎవరెంత ఆశపెట్టినా స్థలం సంఘం పేరునే ఉంచండి.

అసలు గొడవంతా అద్దె డబ్బు దగ్గర వస్తుంది. ఖర్చులు పోగా మిగిలింది దేనికి వాడాలో పునాది తియ్యకముందే కాగితం మీద పెట్టండి. ఆ సంఘం మిగులు అద్దెతో నగరంలో వేరే మెథడిస్టు మందిరాల నిర్మాణానికి సాయపడింది. మీకు అలాంటి కట్టుబాటు లేకపోతే, మిగులంతా ఏసీలకీ కార్పెట్లకీ పోతుంది. అద్దె వస్తోంది కదా అని జనం కానుకలు తగ్గించినా నేను ఆశ్చర్యపోను. ఇంకో మాట, మందిరానికున్న పన్ను మినహాయింపు అద్దెకిచ్చిన అంతస్తులకి వర్తించదు. బడ్జెట్‌లో ఆ ట్యాక్స్ వేశారో లేదో నువ్వే చూడు.

అద్దెకొచ్చేవాళ్ల నమ్మకాలు అడగొద్దు. దేవుడి మీద నమ్మకం లేదని బాహాటంగా చెప్పిన లాయరు క్లారెన్స్ డారో ఆఫీసు ఆ టెంపుల్లోనే ఉండేది! ఏ వ్యాపారాలకి ఇవ్వకూడదో మాత్రం లీజులోనే రాయించండి. ఆదివారం లిఫ్టులు, తాళాలు ఎవరి చేతిలో ఉంటాయో కూడా.

మందిరం కిందే ఉండాలి. వీల్‌చైర్లో వచ్చే పెద్దవాళ్లు ఆఫీసు సెక్యూరిటీకి ఐడీ చూపించి ఆరాధనకి రావాల్సిన గతి పట్టకూడదు. పైనున్న చాపెల్ 1952లో మందుల షాపుల వాల్‌గ్రీన్ కుటుంబం కానుకతో ఏర్పడింది. లిఫ్ట్ దిగాక ఇంకా మెట్లెక్కాలి. కింది బలిపీఠం మీద యెరూషలేమును చూసి ఏడ్చే యేసు, పైన షికాగోను చూసి ఏడ్చే యేసు చెక్కి ఉంటారు. చూడ్డానికి ఎంత బాగున్నా, మీరు శిఖరం గురించి చివర్లో ఆలోచించండి.

చూసొచ్చాక ఫోన్ చెయ్యి. లీజు డ్రాఫ్ట్ ఉంటే పంపు, చదివి పెడతాను.

మీ మామయ్య