టెంపరరీ క్యాపులో లిక్విడ్ మిగలనివ్వకు

చిరంజీవి డాక్టరమ్మకు,

గాజువాకలో సొంత పళ్ల క్లినిక్ తెరుస్తున్నావు గనుక, అసలు క్యాపు వచ్చేదాకా పంటికి తొడిగే టెంపరరీ క్యాపుల సంగతి ముందే రాస్తున్నాను. ఈ క్యాపు చేసే యాక్రిలిక్ ప్లాస్టిక్ బాగా గట్టిపడితే దానితో నోటికి పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా గట్టిపడకుండా మిగిలిపోయిన మోనోమర్‌తోనూ (మనం పౌడర్‌లో కలిపే లిక్విడ్ అదే), గట్టిపడేటప్పుడు పుట్టే వేడితోనూ.

పౌడర్ మూడు పాళ్లు, లిక్విడ్ ఒక పాలు, కొలతతో కలుపు. కంపెనీ వేరే కొలత ఇస్తే అదే పాటించు. లిక్విడ్ ఎక్కువైతే వేడి పెరుగుతుంది, క్యాపు ఎక్కువ కుంచించుకుపోతుంది, మోనోమర్ కూడా ఎక్కువ మిగులుతుంది. మన విశాఖలో మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే, కలిపింది చూస్తుండగానే బిగుసుకుపోతుంది. అప్పుడు మెత్తబడుతుందని ఇంకో రెండు చుక్కలు పోయాలనిపిస్తుంది. పోయకు, పారేసి మళ్లీ కలుపు. గాజు గిన్నెను ముందే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కాస్త టైము దొరుకుతుంది. కాకపోతే మన ఉక్కకు బయటకు తీయగానే దానికి చెమ్మ పడుతుంది, పొడిగా తుడిచాకే వాడు.

ప్రాణమున్న పన్నయితే పంటికీ చిగురుకీ పల్చగా వాజెలిన్ రాయి. 1965లో కోతులపై చేసిన పరీక్షలో పల్ప్ (పంటి లోపల నరం ఉండే మెత్తని భాగం) వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు 15 శాతం పళ్లలో పల్ప్ చచ్చిపోయింది. అందుకే క్యాపును పంటి మీద పూర్తిగా గట్టిపడనివ్వకు. ముద్ద రబ్బరులా సాగే దశలో ఒకటి రెండుసార్లు పైకి లేపి మళ్లీ కూర్చోబెట్టు, మధ్యలో నీళ్లు చల్లు. వేడెక్కడం మొదలవగానే బయటకు తీసి గోరువెచ్చని నీళ్లలో వెయ్యి. ప్రెషర్ పాట్ ఉంటే సుమారు 2 బార్ ఒత్తిడిలో, 45 డిగ్రీల నీళ్లలో, పది పదిహేను నిమిషాలు ఉంచు. బుడగలు తగ్గుతాయి, మోనోమర్ కూడా తగ్గుతుంది. మోనోమర్ ఎక్కువగా ఊరేది మొదటి రోజే. వీలైతే క్యాపును ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి మర్నాడు అతికించు.

యూజినాల్ (లవంగ నూనెలో ఉండే పదార్థం) ఉన్న సిమెంటు వద్దు. అది యాక్రిలిక్‌ను సరిగా గట్టిపడనివ్వదు, తర్వాత క్యాపు లోపల కొత్త యాక్రిలిక్ పోసి రీలైన్ చేయాల్సి వస్తే అంటుకున్న చోటల్లా మెత్తగా ఉండిపోతుంది.

చిగురు ఎర్రబడితే వెంటనే ఎలర్జీ అనేయకు. ముందు మార్జిన్ మీద, అంటే క్యాపు అంచు మీద, ఎక్స్‌ప్లోరర్ (సూది మొన పరికరం) నడిపించు. అంచు పొడుచుకొచ్చిందా, సిమెంటు ఇరుక్కుందా, పాలిష్ గరుకుగా ఉందా చూడు. చాలావరకు తప్పు అక్కడే దొరుకుతుంది. మార్జిన్ బాగానే ఉండి, క్యాపుకు ఆనే బుగ్గ, నాలుక కూడా ఎర్రబడి మండుతుంటే అప్పుడు ఎలర్జీని అనుమానించు. క్యాపు తీసేసి, ప్యాచ్ టెస్టుకు (చర్మం మీద అంటించి చూసే ఎలర్జీ పరీక్ష) చర్మ వైద్యుల దగ్గరికి పంపు. బిస్-యాక్రిల్ అనే ఇంకో రకం క్యాపు రెజిన్‌కు మారితే సరిపోతుందనుకోకు, అందులోనూ మెథాక్రిలేట్లే, అంటే ఈ లిక్విడ్ జాతి రసాయనాలే ఉంటాయి. పాలీకార్బనేట్ షెల్ (రెడీమేడ్ క్యాపు తొడుగు) లోపల పోసేదీ ఈ రెజినే. పార్లర్‌లో జెల్ గోళ్లు పెట్టించుకున్నాక వేళ్లు దురద పెట్టాయా అని ప్రతి పేషెంటునూ ముందే అడుగు, అది కూడా ఈ జాతి రసాయనమే.

నీ వేళ్లూ జాగ్రత్త. లిక్విడ్ లేటెక్స్, నైట్రైల్ గ్లౌజుల్లోంచి కొద్ది నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది. ముద్దను వేలితో నొక్కకు, స్పాచులా వాడు. గ్లౌజుకు అంటితే వెంటనే మార్చు. సీసా మూత బిగించి నీడలో ఉంచు, స్పిరిట్ దీపం పక్కన మాత్రం పెట్టకు. మామూలు గది వేడిలో కూడా ఆ ఆవిరికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఈ మాట అసిస్టెంటు అమ్మాయికి కూడా మొదటి రోజే చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న