పిల్లాడు పోయాక ఎందుకని ఎవరడుగుతారు?

ప్రశ్న: మా బొబ్బిలి దగ్గర ఊళ్ళో ఇంటర్ పిల్లాడు చనిపోయాడండి, మార్కులే కారణమన్నారు, పోలీసులు రాసుకెళ్ళారు, అంతే. అసలెందుకు జరిగిందో ఎవరూ చూడరా? – ఓ తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: చూడాలమ్మా. మార్కులొక్కటే అని తేల్చేస్తే మిగతావన్నీ మరుగున పడిపోతాయి. ఇంగ్లాండ్‌లో 2008 నుంచి ఏ బిడ్డ చనిపోయినా డాక్టర్లు, పోలీసులు, పిల్లల సంక్షేమం చూసేవాళ్ళు కూర్చుని ఎక్కడ ఆపగలిగేవాళ్ళమో వెతకాలి, తప్పు ఎవరి మీదా వెయ్యడానికి కాదు, ఇంకో బిడ్డ పోకుండా చూడ్డానికి. మనకీ జిల్లాకొకటి అలాంటిది కావాల్సిందే. విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 100 మంది, ఆపైన పిల్లలున్న విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలని, ఇవి అమలవుతున్నాయో లేదో చూడ్డానికి కలెక్టర్ ఆధ్వర్యంలో జిల్లా కమిటీ వెయ్యాలని చెప్పింది. పేరెంట్సంతా కలిసెళ్ళి కాలేజీలో కౌన్సెలర్ ఎవరని అడగండి. ఆ పిల్లాడి స్నేహితుల్ని కూడా కాస్త కనిపెట్టుకోండి, ఎవరైనా దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, రాత్రైనా సరే తెలుగులోనే మాట్లాడతారు.