పోర్టబుల్ ఏసీ శబ్దానికి రాత్రి నిద్ర పడుతుందా?

అద్దె ఇల్లు, ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వడం లేదు, నాన్నగారికి చిన్న అలికిడైనా మెలకువ వచ్చేస్తుంది, పోర్టబుల్ ఏసీ కొనొచ్చా అని అడిగారు. మాదీ సరిగ్గా అదే పరిస్థితి అండి. విజయవాడ సత్యనారాయణపురంలో పై వాటా, నెత్తి మీద స్లాబు. రెండు వేసవులు పోర్టబుల్ ఏసీతోనే గడిపాం. మీకు నిద్ర పడుతుందేమో కానీ, మీ నాన్నగారికి మాత్రం కష్టం.

స్ప్లిట్ ఏసీలో మోత చేసే కంప్రెసర్ ఇంటి బయట ఉంటుంది. విండో ఏసీలో కూడా ఆ భాగం కిటికీ అవతలికే ఉంటుంది. పోర్టబుల్‌లో కంప్రెసర్, ఫ్యాన్లు అన్నీ ఒకే డబ్బాలో, ఆ డబ్బా మన మంచం పక్కన. ఏ కంపెనీది కొన్నా ఇది మారదు.

షాపులో మాకిది తెలియలేదు. ఫ్యాన్ మోడ్‌లో తిప్పి చూపించారు, చుట్టూ జనం, రోడ్డు మీద హారన్లు. ఇంటికొచ్చి కూల్ మోడ్ పెట్టిన కాసేపటికి లోపల గుర్రుమని మొదలైంది. మంచం కోడు మీద చెయ్యి పెడితే అదురు తెలిసేది. “గదిలో పిండిమర పెట్టినట్టుందే అమ్మా” అన్నారు మా అత్తయ్య. రెండో రోజుకి చాప తీసుకుని హాల్లోకి వెళ్లిపోయారు.

దిండు మీద ఫోన్ పెట్టి యాప్‌లో చూశాను. ఫ్యాన్ ఒక్కటే తిరిగితే 47 డెసిబెల్స్, కంప్రెసర్ అందుకోగానే 56. ఫోన్ కొలత కచ్చితం కాదు, తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది. తొమ్మిదే కదా అనుకోకండి, పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతలా ఉంటుంది. మన దేశంలో నివాస ప్రాంతాలకి రాత్రిపూట పెట్టిన పరిమితే 45 డెసిబెల్స్. బ్రోచర్‌లో తక్కువ అంకె కనిపిస్తే, అది ఏ స్పీడులో కొలిచారో అడగండి.

మోత ఒకేలా సాగితే నాలుగు రోజులకి చెవి అలవాటు పడుతుంది. ఆగి, పావుగంటకి ధడ్‌మని మళ్లీ అందుకుంటేనే ప్రాణం విసిగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేలోపే మళ్లీ లేపుతుంది. తప్పక కొనాల్సి వస్తే ఇన్వర్టర్ మోడల్ చూడండి, అది పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించుకుంటుంది. షాపులో కూల్ మోడ్‌లో, అతి తక్కువ టెంపరేచర్‌లో పెట్టించి, కంప్రెసర్ అందుకునేదాకా అక్కడే నిలబడండి.

మాకు కొంత ఊరటనిచ్చినవి చెప్తాను. గది మూలలో ఉన్న ఏసీని గోడకి కాస్త ఎడంగా జరిపి, కింద వాషింగ్ మెషీన్‌కి వేసే రబ్బరు ప్యాడ్లు వేశాం. అదురు బాగా తగ్గింది, కింది వాటావాళ్ల ఫిర్యాదు కూడా ఆగింది. ఏసీ వేడి గాలిని కిటికీలోంచి బయటికి పంపే గొట్టాన్ని పొట్టిగా, వంకర లేకుండా పెట్టి, కిటికీ సందులన్నీ ఫోమ్‌తో మూసేశాం. ఒక గొట్టం ఉన్న ఏసీ గదిలో గాలిని బయటికి తోస్తుంది కాబట్టి, దానికి బదులు బయటి వేడి గాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. మొత్తం ఆపలేం కానీ, వదిలేస్తే కంప్రెసర్‌కి విశ్రాంతే ఉండదు.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. గాలిలోని తేమ నీళ్లుగా మారి ఏసీ లోపలి ట్యాంకులో చేరుతుంది, మన దగ్గర వానాకాలం ఉక్కపోతలో అది తొందరగా నిండుతుంది. రాత్రి మూడింటికి బీప్‌మని కొట్టి ఆగిపోయేది. చివరికి డ్రెయిన్ పైపు బాత్రూమ్ లోకి వేశాం.

ఇంతా చేసినా అత్తయ్య మాత్రం గదిలోకి రాలేదు. మూడో వేసవికి మావారు ఓనరుగారితో మళ్లీ మాట్లాడారు. వెంటిలేటర్ అద్దం ఒకటి తీసి ప్లైవుడ్ పెట్టి, అందులోంచి పైపులు పంపి, బాల్కనీలో స్టాండ్ మీద స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్ పెట్టించాం. గోడకి ఇటునుంచి అటు కన్నం పెట్టకుండా, లోపలి యూనిట్‌కి నాలుగు స్క్రూలతో సరిపోయింది. ఖాళీ చేసేటప్పుడు అద్దం మళ్లీ వేయిస్తామని కాగితం రాసిచ్చాం. నాన్నగారి గదికి వెంటిలేటర్ ఉంటే, కొనేముందు మీ ఓనరుగారిని ఈ పద్ధతి ఒకసారి అడగండి.