గానుగ నూనె షాపుకి ప్రచారం: జనం ఆగే చోటు వెతకండి

అడిగింది ఇదీ: గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో కట్టె గానుగ నూనె షాపు తెరుస్తున్నారు. ప్రచారానికి 40 వేలు పక్కన పెట్టారు. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టమని ఒకరు, మైకు ఆటో తిప్పమని ఇంకొకరు అంటున్నారట. వేరే దారులేమైనా ఉన్నాయా అని.

సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ మాట మర్చిపోండి. ఆ స్థలం మీకు వారం కూడా మిగలదు. ఎవరిదో పుట్టినరోజో, నాయకుడి రాకో వస్తుంది, మీ బోర్డు మీద ఇంకో బోర్డు కూర్చుంటుంది. అడిగే ధైర్యం మీకుండదు, నాకూ ఉండదు. పైగా సెంటర్లో అందరూ హారన్ కొట్టుకుంటూ పోయేవాళ్లే. చిన్న షాపు డబ్బు జనం ఆగే చోట పెట్టాలి. మండల కేంద్రంలో అలాంటివి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి: రైల్వే గేటు, పాల కేంద్రం, పిండి మర, పల్లెవెలుగు కోసం నిలబడే చెట్టు, టిఫిను బండి. రెండు రోజులు పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 7 ఊరంతా తిరిగి ఎక్కడ ఎవరు ఎంతసేపు నిలబడుతున్నారో రాసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే జేబులో చెయ్యి పెట్టండి.

మొదటి ఖర్చు గోడ రాత. మీ ఊళ్లో గేటు ఉంటే, గేటు పడినప్పుడు బండ్లు ఆగే వైపు ఎదురుగా కనిపించే ప్రైవేటు గోడ చూడండి. అయిదు నిమిషాలు, పది నిమిషాలు అందరూ అటే చూస్తూ ఉంటారు. రైల్వే, బడి, గుడి, ఆఫీసు గోడల జోలికి పోవద్దు. అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశాల్లో రాతలు రాసినా, పోస్టర్లు అంటించినా శిక్షించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. గోడ యజమానితో ఎన్నాళ్లకో, ఎంతకో కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. గోడంతా తెల్లరంగు వేయించి నెలకో లీటరు నూనె ఇస్తామంటే చాలామంది డబ్బు కూడా అడగరు.

పని చేయించే వరస ఇది. పాత పెచ్చులు గీకించి, వైరు బ్రష్షుతో దుమ్ము దులిపించాలి. ఒక కోటు ప్రైమరు, రెండు కోట్లు తెలుపు, అది బాగా ఆరాక ఎనామిల్ పెయింటుతో అక్షరాలు. డిస్టెంపరుతో చవగ్గా కానిచ్చేస్తానంటే ఒప్పుకోకండి, ఒక్క వానాకాలానికి కారిపోతుంది. కొత్త ప్లాస్టరింగు గోడ తడి ఆరకముందే ఎనామిల్ వేస్తే బుడగలు తేలి ఊడిపోతుంది. నేల నుంచి రెండడుగులు ఖాళీ వదలండి. కింద చెమ్మ ఎక్కుతుంది, వానకి బురద చిందుతుంది, ఇక గోడ పక్కన నిలబడే మగవాళ్ల సంగతి సరేసరి.

అక్షరం ఎంత ఉండాలి? ఇంగ్లీషు పెద్దక్షరాలకి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అని బోర్డులు రాసేవాళ్ల లెక్క. తెలుగుకి అది చాలదు, ఒకటిన్నర పెట్టుకోండి. 50 అడుగుల నుంచి చదవాలంటే తలకట్టు, ఒత్తు కలపకుండా అక్షరం ఒంటి ఎత్తే ఏడెనిమిది అంగుళాలు. వరసల మధ్య ఖాళీ ఇంకా ముఖ్యం. "నువ్వుల నూనె" కింద వరసలో "కొబ్బరి నూనె" రాయిస్తే, పైనున్న వ ఒత్తు దిగివచ్చి కింది అక్షరాల తలల మీద పడుతుంది, దూరం నుంచి రెండూ కలిసి మరకలా కనిపిస్తాయి. పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు ఎరుపు. నీడలు, మెరుపులు, మూడు రంగుల అంచులు వద్దు.

గోడ మీద మూడే విషయాలు: షాపు పేరు, ఏం అమ్ముతారు, ఎక్కడ. "పాత బస్టాండు ఎదురు సందు" అన్న గుర్తు డోరు నంబరు కంటే వందరెట్లు నయం. "షుగరు తగ్గును, గుండెకి మంచిది" అని మాత్రం రాయించకండి. ఆహార పదార్థాల ప్రకటనల మీద 2018 నాటి నిబంధనలున్నాయి, జబ్బు తగ్గిస్తామనే ప్రకటనల మీద 1954 చట్టం ఉంది. అందరూ రాస్తున్నారు కదా అంటారు. గోడ మీద రాత ఫోటో తీయడానికి తేలిక, అంతే చెబుతాను.

ఫ్లెక్సీ కావాలనుకుంటే షాపు ముందు ఒకటి, మలుపు దగ్గర ఒకటి, 6×4 అడుగుల సైజు చాలు. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద కూడా నిషేధం ప్రకటించింది. కాబట్టి మీ పంచాయతీలో ఇప్పుడేది ఒప్పుకుంటున్నారో అడిగాకే ఆర్డరివ్వండి, లేదంటే గుడ్డ బ్యానరుకి పోండి. కట్టేటప్పుడు కరెంటు స్తంభం వాడొద్దు. పడమటి ఎండ తగిలే వైపు పెడితే ముందు పసుపు, ఎరుపు వెలిసిపోయి కొన్నాళ్లకి బోర్డంతా నీలంగా మిగులుతుంది. చెక్క ఫ్రేము తాత్కాలికానికే. ఏడాది నిలవాలంటే అంగుళం జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము) చదరపు పైపు ఫ్రేము వేయించి నాలుగు మూలలా బోల్టు బిగించండి. 2024 మేలో ముంబయి ఘాట్కోపర్‌లో గాలివానకి పడి 17 మందిని చంపింది 120 అడుగుల హోర్డింగు. 2019లో చెన్నైలో స్కూటరు మీద పోతున్న అమ్మాయి మీద పడింది మామూలు బ్యానరే, ఆమె కింద పడి వెనక వచ్చిన లారీ కింద ప్రాణం పోగొట్టుకుంది. సైజు చిన్నదని తాడుతో చుట్టి వదిలేయకండి.

ప్రింటుకి వెళ్లేముందు ఒక మాట. డీటీపీ సెంటర్లలో తెలుగు ఎక్కువగా "అను" అనే పాత రకం ఫాంట్లలోనే చేస్తారు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు (ఫోన్లలో ఉండే యూనికోడ్ రకం) అక్కడ అతికిస్తే చెదిరిపోతుంది, అందుకని ఆపరేటరు చూసి మళ్లీ టైపు చేస్తాడు. తప్పులు దొర్లేది అక్కడే: ఒత్తు జారుతుంది, "నూనె" కాస్తా "నునె" అవుతుంది. అక్షరాలని కర్వ్స్‌గా, అంటే బొమ్మలుగా మార్చాక దిద్దడం కష్టం కాబట్టి అంతకుముందే ప్రూఫు అడగండి. ఫోను నంబరు మీరే డయల్ చేసి మోగిందో లేదో చూడండి. క్యూఆర్ కోడ్ పెట్టాలని పట్టుదల ఉంటే, స్కాన్ చేసే దూరంలో పదో వంతు వెడల్పు ఉండాలి. పది అడుగులకి ఒక అడుగు. బండి మీద పోయేవాడు ఎలాగూ తీయడు, దాన్ని కౌంటరు దగ్గర పెట్టుకోండి.

మైకు ఆటో మంచిదే, రికార్డింగు సరిగ్గా ఉంటే. ఆటో గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకి 3 మీటర్లకి కాస్త తక్కువ. ఒక ఇంటికి మాట స్పష్టంగా వినిపించేది ముందు 50 మీటర్లు, వెనక 50 మీటర్లు అనుకుంటే మీకు దొరికే టైము 35 సెకన్లు. రికార్డింగు నిమిషంన్నర ఉందంటే ఏ ఇంటికీ మొత్తం వినిపించదు. 15 సెకన్లలో ముగించండి, ఒక్కో ఇంటికి రెండుసార్లు పడుతుంది. వెనక పాట వద్దు. కోను స్పీకర్లో పాట, మాట కలిస్తే రెండూ పోతాయి. పూర్వం టముకు వేసేవాళ్లు ముందు డప్పు కొట్టి, ఆపి, తర్వాతే మాట చెప్పేవాళ్లు. అదే పద్ధతి. పోలీసు అనుమతి తీసుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లలో మైకు ఆపాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా అసలే కుదరదు. మిరప కోతల రోజుల్లో పగలు తిప్పితే తలుపు తాళాలకి చెప్పినట్టే, సాయంత్రం 6 తర్వాత పంపండి.

మీ సరుకుకి నాకు అన్నిటికంటే నచ్చేది పాల కేంద్రం. గేదెలున్నవాళ్లు క్యాన్లు పట్టుకుని రోజుకి రెండుసార్లు అక్కడ వరసలో నిలబడతారు, వాళ్లకి గేదెల మేతకి మీ గానుగ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి కావాలి. చెక్క అమ్మే ప్రతి సంచి మీద షాపు పేరు స్క్రీన్ ప్రింటు వేయించండి. ఖాళీ అయిన సంచిని పల్లెలో ఎవరూ పారేయరు, అది బండి మీద, సైకిలు మీద ఏడాది తిరుగుతుంది. చెక్క కొన్నవాళ్లే తర్వాత నూనె అడుగుతారు. నూనెకి ఇచ్చే సంచులు గుడ్డవే ఇవ్వండి. నాన్ ఓవెన్ (గుడ్డలా కనిపించే ప్లాస్టిక్) అయితే 60 జీఎస్‌ఎంకి, అంటే చదరపు మీటరుకి 60 గ్రాములకి తగ్గకూడదు.

వేసవిలో తెరుస్తుంటే చలివేంద్రం పెట్టండి, బస్సు ఆగే చెట్టు కిందే, పంచాయతీ అనుమతితో. రోజుకి 400 మంది తాగుతారనుకుంటే, తలా పావు లీటరు చొప్పున 100 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు అయిదు. తడి ఇసుక మీద రెండు కుండలు, మూతలు, పొడవు కాడ గరిటె, గొలుసు కట్టిన గ్లాసులు, నీళ్లు పోసే మనిషి ఒకరు. మనిషి జీతం, నీళ్లు జూన్ మొదటి వారం దాకా లెక్క కట్టుకోండి. చాలా చలివేంద్రాలు రిబ్బను కట్ చేసిన రెండో వారానికే ఎండిపోతాయి. ఖాళీ కుండ పైన మీ షాపు పేరు వేలాడటం కంటే చెడ్డ ప్రకటన లేదు. అంత ఓపిక లేకపోతే పెట్టకండి.

మిగతావి టూకీగా. పేపర్లో పెట్టే కరపత్రాలు ఊరంతా కాకుండా రెండు వీధులకే ఇచ్చి, ఒక్కో వీధికి మూల ఒక్కో రంగు వేయించండి. కొన్ని కట్టలు నేరుగా పాత పేపర్ల కొట్టుకి పోతాయి, ఏ రంగు కాగితం షాపుకి రాలేదో చూస్తే అది పట్టుబడుతుంది. ఆటో వెనక రెక్సిను మీద పేరు వేయించడం చవక: రవాణా శాఖ నియమాలు ముందు కనుక్కుని, టాపు చిరిగిన ఆటోకి కొత్త రెక్సిను మీరే కొనిస్తే, డ్రైవరే దాన్ని రెండేళ్లు తిప్పుతాడు. ఆర్టీసీ బస్సు వెనక బోర్డు ఏజెన్సీల చేతిలో ఉంటుంది, మీ బడ్జెట్టుకి దండగ. గాలిలో ఎగరేసే బుడగలో హైడ్రోజన్ నింపుతామంటే దగ్గరికి కూడా రానీయకండి, నిప్పు తగిలితే పేలుతుంది.

గానుగ రోడ్డు మీదికి కనిపించేలా పెట్టండి. దాని పక్కన చిన్న నల్లబల్ల మీద "వేరుశెనగ గింజలు దాదాపు రెండున్నర కిలోలు = నూనె 1 లీటరు" అని రాసి, కింద ఆ రోజు గింజల ధర వేయండి. లోపలికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఇంత రేటెందుకనే కదా, సగం జవాబు బల్లే చెబుతుంది. కౌంటరు దగ్గర నోటుబుక్కులో గోడ, ఆటో, చెక్క సంచి, చలివేంద్రం అని నాలుగు గళ్లు గీసి, కొత్తవాళ్లని ఎలా తెలిసిందో అడిగి గీత పెట్టుకోండి. మొదటి నెల 40 వేలలో సగమే ఖర్చు పెట్టి, మిగతా సగం ఆ గీతలు చూశాక తీయండి.