నాయిన మగ్గం గుంట పూడ్చేస్తానంటున్నారు

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి దగ్గరి పల్లె, చేనేత కుటుంబం. నాకు 38 ఏళ్లు. ఎంసీఏ చేసి పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. మియాపూర్‌లో అప్పు చేసి ఫ్లాటు కొన్నాం. ఇంకా పదకొండేళ్ల వాయిదాలు ఉన్నాయి. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, పాప ఏడో తరగతి. ఊరికి పండుగలకు, శుభకార్యాలకు ఏడాదిలో నాలుగైదు సార్లు వెళ్తుంటాం. నాయినకు 67 ఏళ్లు. చూపు తగ్గి, మోకాళ్లు సహకరించక నేత మానేశారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట పూడ్చి బండలు పరిపిస్తానన్నారు. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఉద్యోగం మానేసి, ఊళ్లో చేనేత వ్యాపారం మొదలుపెట్టాలని ఉంది. ఆ మాట చెప్పగానే నాయిన, ‘నిన్ను ఈ గుంటలోంచి బయటికి పంపడానికే నేను ఇందులో కూర్చున్నా’ అని లేచి వెళ్లిపోయారు. నా భార్య ‘మీ ఇష్టం’ అంటోంది. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ఉద్యోగం మీద ఫిర్యాదు ఒక్కటీ లేదు. పద్నాలుగేళ్లు చేసిన పనిని వదిలేయాలనుకునే మనిషి తన మేనేజరు గురించో, అర్ధరాత్రి మీటింగుల గురించో, వెనక వచ్చినవాళ్లు తనను దాటిపోవడం గురించో నాలుగు మాటలైనా రాస్తాడు. మీరు రాసిందంతా గుంట గురించే. అందుకే మీకు కలిగింది వృత్తి మారాలన్న కోరిక అని నాకు అనిపించడం లేదు. మీ నాయిన పెద్దవారైపోయారన్న సంగతి ఆ సంక్రాంతి నాడు మీ కంటికి మొదటిసారి కనిపించింది. ఆ దిగులుకు మీరు వ్యాపారమని పేరు పెట్టుకున్నారు. నా అంచనా తప్పు కావచ్చు. అది తేల్చుకోవడానికి ఉద్యోగం వదలనక్కరలేని దారి ఒకటి ఉంది, చెబుతాను.

ముందు మీ నాయిన అన్న మాట చూద్దాం. మీకు అందులో వద్దనడం ఒక్కటే వినిపించింది. నాకు ఆయన బతుకంతా వినిపించింది. కాళ్లు గుంటలో పెట్టి నేలమట్టాన కూర్చుని పొద్దంతా నేయడం ఆ పనిలో కంటికి కనిపించే భాగం మాత్రమే. దానికి ముందు నూలో పట్టో ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వరుసగా చుట్టాలి, గ్రాఫు కాగితం మీది లెక్క ప్రకారం చిటికి కట్టాలి, అంటే రంగు అంటకూడని చోట పోగులకు బిగుతుగా కట్లు కట్టాలి, రంగు రంగుకూ విడిగా కట్లు కట్టి అద్దాలి, ఆ తర్వాతే పోగు మగ్గమెక్కుతుంది. కట్టడంలో లెక్క తప్పితే ఆ సంగతి నేసేటప్పుడు బయటపడుతుంది, అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. ఇంత విద్య చేతిలో ఉన్నవాళ్లు కూడా మీ ప్రాంతంలో చాలామంది మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలు మీద, ఆయన ఇచ్చిన డిజైను ప్రకారం, ఆయన కట్టిన కూలికి నేస్తారు. ఇలా కట్టి అద్దిన పోగులతో నేసే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఈ రెండు వార్తలకూ మధ్యలోనే మీ నాయిన మిమ్మల్ని ఎంసీఏ చదివించి పట్నం పంపేశారు. ఊరికి పేరు రావడం వేరు, నేసేవాడికి కూలి గిట్టడం వేరు అన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి మనిషితో, పండుగ పూట, ముందు మాటగా ఏమీ అనకుండా ‘ఉద్యోగం మానేసి వచ్చేస్తా’ అంటే ఆయన లేచి వెళ్లిపోక ఏం చేస్తారు?

మీరు గమనించారో లేదో, మీరు రాసింది ‘నేత’ అని కాదు, ‘చేనేత వ్యాపారం’ అని. చిన్నప్పుడు మీరు కండెలకు నూలు చుట్టి ఉంటారు, ఆ ఇళ్లలో పిల్లలు చేసే పని అది. చిటికి కట్టడం, అద్దకం, నేత 38 ఏళ్ల వయసులో మొదలుపెడితే ఇల్లు గడిచే స్థాయికి రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి మీరు వచ్చి చేయబోయేది నూలు కొని, మగ్గాలకిచ్చి, చీరలు అమ్మడం. అంటే మీ నాయినకు కూలి కట్టి ఇచ్చిన మనిషి కూర్చున్న చోట మీరు కూర్చుంటారు. అది చెడ్డ పని అని నేననడం లేదు, న్యాయంగా చేసేవాళ్లూ ఉన్నారు. అయితే దానికి పెట్టుబడి కావాలి, పట్టు ధర ఊగిసలాటను తట్టుకోవాలి, సరుకు తీసుకున్న దుకాణాలు నెలల తరబడి డబ్బు ఆపినా నేసినవాళ్లకు మాత్రం కూలి ఆపకూడదు. మరమగ్గాల బట్ట మీద ముద్రించిన నకిలీ ఇక్కత్ తక్కువ ధరకు పక్కనే అమ్ముడుపోతుంటుంది. ఇవన్నీ మీ నాయినకు తట్టి ఉంటాయి. మీతో అనడానికి ఆయనకు నోరు రాలేదేమో.

మీ భార్య గురించి మీరు రాసింది ఒకే వాక్యం, అందులో ఆమె అన్నది రెండే మాటలు. మన ఇళ్లలో ‘మీ ఇష్టం’ అన్న మాట ఒప్పుకోలు కాదు. చాలాసార్లు అది, నన్ను అడగకుండానే నిర్ణయించేశావు కదా అన్న బాధకు మర్యాదైన రూపం. పాప చదువు, తన ఉద్యోగం, అత్తమామలతో ఒకే ఇంట్లో బతుకు, పదకొండేళ్ల వాయిదాలు, ఇన్నింటి మీద ఆమెకు అభిప్రాయం లేకుండా ఉండదు. అనుమతి కోసమైతే అడగకండి. ఊరికి వెళ్లడం గురించి ఆమెకు ఉన్న భయాలేమిటో చెప్పమనండి, చెప్పినంతసేపూ జవాబు ఇవ్వకుండా వినండి. అది మీరనుకున్నంత సులువు కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీ బ్యాంకు పాసుపుస్తకం ముందు పెట్టుకుని మీరిద్దరూ వేసుకోవలసిన లెక్క. ఉద్యోగం పోతే జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. అందులో అమ్మానాయినలు ఉంటే, ఈ వయసులో వాళ్లకు కొత్త పాలసీ ప్రీమియం బరువుగా ఉంటుంది, పాత జబ్బులకు నిరీక్షణ కాలం కూడా ఉంటుంది. ఒకే సంస్థలో అయిదేళ్లు నిండి ఉంటే గ్రాట్యుటీ వస్తుంది. దాన్నీ, భవిష్య నిధినీ పెట్టుబడి కింద లెక్కవేసుకోకండి. కనీసం ఏడాదిన్నర వాయిదాలు, ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టగలిగేంత వరకు రాజీనామా ఆలోచన తలపెట్టవద్దని నా సలహా.

ఇక మొదట చెబుతానన్న దారి. మీరు తిరిగి వెళ్లాలనుకుంటున్న ఊరు అమెరికా అవతల లేదు. మియాపూర్ నుంచి ఎంత ట్రాఫిక్ ఉన్నా రెండు మూడు గంటల ప్రయాణం. అయినా ఏడాదికి నాలుగైదు సార్లే వెళ్తున్నారంటే మీకూ మీ నాయినకూ మధ్య ఉన్న దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ఆరు నెలల పాటు ప్రతి శనివారం వెళ్లండి. వీలైన వారం పాపను తీసుకెళ్లండి. వ్యాపారం మాట ఎత్తకుండా, ఒక చిన్న తువ్వాలుకు సరిపడా చిటికి కట్టడం నేర్పమని ఆయనను అడగండి. చూపు తగ్గినా, పక్కన కూర్చుని మీ తప్పు చెప్పడానికి ఆయన అనుభవం చాలు. మూడో నెలకే మీకు విసుగు పుడితే, మీకు కావలసింది మగ్గం కాదని తెలుస్తుంది, నాయినతో గడిపిన శనివారాలు మాత్రం మిగులుతాయి. విసుగు పుట్టకపోతే అప్పుడు మాట్లాడవలసింది వేరే ఉంటుంది. ఊళ్లో మగ్గాలున్న నలుగురైదుగురిని కలిసి, వాళ్లకు నిజంగా కొరత ఎక్కడుందో అడగండి. చేనేతకు మేలు చేయాలంటే మగ్గమెక్కి తీరాలని ఏమీ లేదు. మీ జిల్లాలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, వేలసార్లు చేయి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ చేతిలోని విద్య వేరు. ఉద్యోగంలో ఉంటూనే, ఒకరిద్దరు నేతవాళ్ల లెక్కలు, ఆర్డర్లు, అమ్మకాలు సెలవు రోజుల్లో చూసిపెడితే, ఆ వ్యాపారం మీకు సరిపడుతుందో లేదో జీతం పోగొట్టుకోకుండానే తెలుస్తుంది.

గుంట విషయంలో నాయినను ఒకే ఒక్కటి అడగండి: దసరాకు మగ్గానికి పూజ అయ్యేదాకా ఆగమని. ఎందుకని అడిగితే, తువ్వాలు ఇంకా పూర్తికాలేదని చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే వాదించకండి, అది ఆయన గుంట. పూడ్చే రోజు ఏదో కనుక్కుని, సెలవు పెట్టి, ముందు రోజు రాత్రికే ఇంటికి చేరుకోండి. మట్టి తట్ట మీరు కూడా అందుకోండి.