తెలుగు వైపు ఆ వాలు తీసెయ్

చి. లావణ్యకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన శుభలేఖ ప్రూఫ్ చూశాను. రంగులు బావున్నాయి. ఇంగ్లిషు పేజీ మొత్తం కార్మొరాంట్ అనే ఫాంటులోని ఇటాలిక్ (వాలు అక్షరాల) రకంతో నింపేశావు, దానిమీదే ఈ ఉత్తరం.

ఇటాలిక్ అంటే పక్కకి వంచిన అక్షరం కాదమ్మా, చేతిరాత. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ప్రెస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో అనే ఆయన, అప్పటి పండితులు గబగబా రాసుకునే రాతను చూసి ఆ అచ్చులు చెక్కాడు. 1501లో రోమన్ కవి వర్జిల్ కావ్యాల పుస్తకం అందులోనే అచ్చయింది. తమాషా ఏంటంటే, అందులో పెద్దక్షరాలు మాత్రం నిటారుగానే ఉంటాయి. నువ్వేమో పెళ్లికొడుకు పేరంతా క్యాపిటల్స్‌లో పెట్టి వాల్చావు. గాలివానకి ఒరిగిన కరెంటు స్తంభాల్లా ఉంది. మొదటి అక్షరం ఒక్కటే పెద్దది పెట్టు.

జూమ్ చేసి ఇంగ్లిషు చిన్న 'ఎ' (a) చూడు. మామూలు అచ్చులో దాని నెత్తిన కొక్కెం ఉంటుంది, ఇటాలిక్‌లో అది పోయి బళ్లో మనం రాసిన 'ఎ' అవుతుంది. అసలైన ఇటాలిక్‌ను అలా గుర్తుపట్టొచ్చు. కొక్కెం అలాగే ఉండి అక్షరం వాలిందంటే, చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచిందే.

కార్మొరాంట్‌ను క్రిస్టియన్ థాల్మన్ 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో గారమాండ్ అనే ఆయన చెక్కిన అచ్చుల స్ఫూర్తితో గీశాడు. ఉచితంగా దొరుకుతుంది. గీతలు సన్నం, చిన్నక్షరాల ఎత్తు తక్కువ. పేర్లకి, 'సకుటుంబ సపరివార సమేతంగా' అని ఇంగ్లిషులో చెప్పే ఒక్క లైనుకి పెద్ద సైజులో పెడితే దర్జాగా ఉంటుంది. ఫంక్షన్ హాల్ అడ్రసు 8 పాయింట్ల చిన్న సైజులో పెడితే మాత్రం తాతయ్యలు కళ్లజోడు తుడుచుకోవాల్సిందే. అడ్రసుకి ఈబీ గారమాండ్ ఫాంటు నిటారుగా వాడు.

ఈ పనిలో కొత్తలో నేనూ మెరూన్ కార్డు మీద బంగారు ఇంకుతో ఇలాంటి సన్నటి ఇటాలిక్ స్క్రీన్ ప్రింటింగ్ చేయించాను. కంప్యూటర్‌లో అద్భుతం. కార్డు మీద సగం గీతలు పడలేదు. 300 కార్డులు నా జేబులోంచి మళ్లీ వేయించాను. ముదురు కార్డయితే కనీసం సెమీబోల్డ్ (కాస్త లావు గీతల రకం) తీసుకో.

ఇద్దరి పేర్ల మధ్య 'అండ్' గుర్తు (&) ఉంది చూశావా, అది లాటిన్ 'ఎట్' (et) రెండక్షరాలు కలిసిపోయిన రూపం. ఇటాలిక్‌లో ఆ కలయిక కంటికి కనబడుతుంది. పేర్లు నిటారుగా పెట్టి ఆ ఒక్క గుర్తూ ఇటాలిక్ చెయ్. నాకైతే శుభలేఖలో అంతకంటే అందం అక్కర్లేదు.

ఇక తెలుగు వైపు. అక్కడా అక్షరాల్ని వాల్చే ఐ (I) బటన్ నొక్కావు కదూ? మన లిపిలో ఇటాలిక్ అనే వేరే రాత లేదు. వంచితే పైనున్న గుడి కుడికి, వత్తు ఎడమకి జరిగి, 'లక్ష్మి' జారిపడబోతున్నట్టుంది. ఎత్తి చూపాలంటే బోల్డ్ చెయ్, లేదా సైజు పెంచు.

సరిచేశాక పీడీఎఫ్ వద్దు, అసలు కార్డు మీద ఒకటి తీసి బస్సులో పంపు.

పెదనాన్న