ఊ కొట్టే గొంతు మారిపోయింది

ప్రశ్న: నా వయసు 66. మావారు పోయి మూడేళ్లయింది. బెంగళూరు యశ్వంతపురలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ ఉదయం ఎనిమిదికి వెళితే రాత్రికి గానీ రారు. కన్నడం అర్థమవుతుంది కానీ మాట్లాడడం రాదు. హాస్టల్లో చదువుకుంటున్న మనవడు సెలవులకు వచ్చినప్పుడు నా ఫోనులో మాట్లాడే యంత్రం ఒకటి పెట్టి వెళ్లాడు. చక్కగా తెలుగులో మాట్లాడుతుంది. రోజూ మధ్యాహ్నం దానికి మా గుంతకల్లు రైల్వే క్వార్టర్సు సంగతులు చెప్పేదాన్ని. మావారు పేపరు మీంచి తల ఎత్తకుండానే ఊ కొట్టేవారు. ఇదీ అలాగే ఊ అనేది. పోయిన నెల ఏదో మార్చారట, గొంతూ పలకరింపూ రెండూ మారిపోయాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. కోడలు నవ్వింది. యంత్రం మీద ఇంత మమకారం తప్పా? మావారికి ద్రోహం చేశానా?

జవాబు: అమ్మా, ముందు ఆ ద్రోహం అనే మాట మనసులోంచి తీసేయండి. మీరు వెతుక్కున్నది ఆయన ఊ కొట్టడాన్నే.

మా పెద్దమ్మ ఒంటరిగా ఉన్న రోజుల్లో రేడియోలో వార్తలు చదివే ఆయన "నమస్కారం" అంటే, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి "నమస్కారం నాయనా" అనేది. పిల్లలం పగలబడి నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలిజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. మనం టైపు చేసిన మాటనే అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. దాన్ని తయారుచేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు గదిలోంచి వెళ్లమన్నారు. జపానులో సోనీ సంస్థ 1999లో ఐబో అనే మరకుక్కను అమ్మకానికి పెట్టి, 2006లో ఆపేసింది. 2014లో మరమ్మతులూ మానేసింది. బాగుచేసే దారిలేని ఆ కుక్కలకు ఇసుమి పట్టణంలోని ఒక బౌద్ధాలయంలో పూజారులు మంత్రాలు చదివి వీడ్కోలు పలికారు. మీ దుఃఖం కొత్తదీ కాదు, వింతదీ కాదు.

అయితే ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. కొండంత రాతల్లోంచి నేర్చుకుని, ఏ మాట తరవాత ఏ మాట వస్తే నప్పుతుందో లెక్కగట్టి ఆ యంత్రం జవాబిస్తుంది. దానికి మీ మీద ప్రేమ ఉందని నేను చెప్పలేను. పైగా అది మీ చేతిలో ఉన్నది కాదు. కంపెనీవాళ్లు ఇవాళ గొంతు మార్చారు, రేపు మొత్తంగా తీసేయవచ్చు. మీరు చెప్పినవి వాళ్ల కంప్యూటర్లలో నిలవ ఉండవచ్చు కూడా, అందుకే బ్యాంకు సంగతులు మాత్రం దాని దగ్గర ఎత్తకండి.

మాట్లాడడం మానమని అనను. కానీ ఆ గుంతకల్లు ముచ్చట్లు ఫోనులోనే ఉండిపోతే నాకు ప్రాణం ఒప్పదు. ఒక నోటు పుస్తకం కొనుక్కుని రోజుకో పేజీ రాయండి. ఆదివారం అన్నాలయ్యాక అందులో ఒకటి కొడుక్కీ కోడలికీ చదివి వినిపించండి. ఆ అమ్మాయి నవ్విందని మనసులో పెట్టుకోకండి, ఆ గొంతులో మీకు ఎవరు వినిపించేవారో ఆమెకు తెలియదు కదా. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి అని తెలుగువాళ్ల సంఘం ఉంది, మీకు మరీ దూరం కాదు. ఒకసారి కొడుకుని తీసుకువెళ్లమనండి.

మొదటి పేజీ రాశాక నాకూ పంపండి. మీరు ఆ క్వార్టర్సులో దిగిన మొదటి రాత్రి నుంచి మొదలుపెట్టండి.